తడి రుచి

వార్డో దీవిలో మే నెల మొదటి పొడి రోజున
టాక్సీ వెనకసీటు ఊడదీసి గడ్డి మీద పెట్టాను.
పిలవకుండా వచ్చిన చుట్టంలా కూచుంది అది.

తివాచీ కొస పట్టి లాగితే
కింద పీచుదిండు తడిసిన గొర్రెలా బరువు.
పిండితే నల్లటి నీళ్ళు.
పైన పటారం, ఏడాదికి రెండుసార్లు షాంపూ.
లోన అడుగురేకు మీద
నారింజరంగు మచ్చలు రెండు,
పక్కపక్కనే.

గరుకు కాగితం తీసేసరికి
తుర్‌బ్యోర్గ్ నా చెయ్యి పట్టుకుంది.
చేపల ఫ్యాక్టరీలో ముప్పైయేళ్ళు
బాయిలర్లకు వైద్యం చేసిన మనిషి.
"గీకడం ఎవడైనా గీకుతాడు.
ముందు నీళ్ళు ఎక్కణ్ణించి వచ్చాయో అడుగు."
ఆ తడిలో వేలు ముంచి
పులుసులో ఉప్పు చూసినట్టు
నాలిక్కి రాసుకుంది.
"చప్పగా ఉంటే వాన, అద్దం రబ్బరు చీలిందన్నమాట.
ఇది ఉప్పు.
ఇవి బూట్లు."

మంగళవారం, శుక్రవారం. ఆరు చలికాలాలు.
కిర్కెనెస్ ఆసుపత్రికి, రక్తం కడిగించుకోడానికి,
ముసలి హల్దిస్.
సముద్రం కింది సొరంగం దాటేదాకా మాట్లాడదు,
దాటాక ఆగదు.
ఎక్కగానే రెండు కాళ్ళూ టపటపా తాటించి
మెట్ల మీద చల్లిన ఉప్పూ మంచూ కలిపి
నా కారులో దులిపేది.
బయట దులపమని ఒక్కసారీ అనలేదు.
రబ్బరు పట్టా వేశానుగా, అనుకున్నాను.
ఆ పట్టానే తడికి దుప్పటి కప్పి
జోకొట్టింది.
ఫిబ్రవరి నించీ నా మంగళవారాలు ఖాళీ.

స్క్రూడ్రైవరు పిడితో కొట్టి చూశాం.
ఖంగుమంది. చిల్లు లేదు.
"పైపై తుప్పే. బతికిపోయింది."

వైరు బ్రష్షుతో కుడి మచ్చ తెల్లబడింది.
ఎడమదానికొచ్చేసరికి
నా చెయ్యి కాస్త నెమ్మదించింది.
తుర్‌బ్యోర్గ్ చూసింది.
బ్రష్షు లాక్కుంది.
"డబ్బులిచ్చేదా ఆవిడ?"
"ఎప్పుడూ పైన పది క్రోనర్లు."
"అయితే చెల్లు," అని
గీకేసింది.

గుంటల్లో మిగిలినదానికి మందు పూశాం.
నారింజ ఊదా అయింది, ఊదా నలుపైంది.
ఒక రోజు ఆగాలి. ఆగాను.
తర్వాత జింకు ప్రైమరు రెండు పూతలు,
అతుకుల వెంట లప్పం, పైన రంగు,
వేలు దూరని సందుల్లోకి సన్నగొట్టంతో
గొర్రె ఉన్ని జిడ్డు.
ఆ వాసనకి పక్కింటి కుక్క
రెండు రోజులు టైరు దగ్గర కాపలా కాసింది.
తివాచీ మాత్రం వారం దాకా తీగ మీదే.
"సగం ఆరింది వేస్తే
ఈ పనంతా పెళ్ళివారికి పెట్టిన రంగే,
రేపటికి కారిపోతుంది."

ఇప్పుడు అంచు లేచిన పట్టా కొన్నాను.
ఆదివారం ఆదివారం ఎత్తి, తుడిచి, ఆరేస్తాను.
ఎక్కేవాళ్ళు గుమ్మంలో తటపటాయిస్తే
లోపలే దులపండి అంటున్నాను,
ఆదివారం నాది.

నిన్న పట్టా ఎత్తితే
మూలన ఒక చెమ్మ.
అటూ ఇటూ చూసి
వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాను.

చప్పన.
అద్దం రబ్బరు సంగతి చూడాలి.