ముక్కాలి

మూడు కర్రలు, ఒక బోల్టు, సైకిల్ ట్యూబు ముక్క.
అబూ మిష్‌అల్ తుపాకికి
నేను చేసిచ్చిన ఆనిక ఇంతే.
బజార్ల దొరికేది అల్యూమినియంది, తేలిక,
కానీ రాయికి తాకితే ఆ చివర దాకా మోగుతది.
కట్టె మోగదు.
ఈ ఒక్క మాటకే ముసలాయన నన్ను
వడ్రంగి షెడ్డు నుంచి వేటబండిలకు మార్చిండు.
జీతం పెరగలే. చలికోటు దొరికింది.

హాయిల్ దాటినంక రెండు గంటలు.
ఆయన కంచె వేసుకున్న నేలేనట,
కంచె ఎక్కడుందో నాకింతవరకు కనబడలే.
అక్కడొకటి అక్కడొకటి తల్హ్ చెట్లు,
మా తుమ్మకు మేనత్త బిడ్డలు.
ఒరగడానికి గోడ లేదు, నక్కడానికి బండ లేదు.
ఇసొంటి బయలుల
తుపాకి కొస వెంట్రుకవాసి కదిలిందా,
మూడు వందల గజాల అవతల మూరెడు తప్పుతది.

అందుకే ముక్కాలి.
నాలుగు కాళ్ళైతే ఒకటి గాలిల ఉంటది.
రెండే అయితే చెయ్యి కావలుండాలె.
మూడైతే ఏ మిట్టపల్లమైనా ఒప్పుకుంటది.
మా అవ్వ పొయ్యిగడ్డలు పెట్టి నేర్పిన లెక్క
ఇంత దూరంల పనికొచ్చింది.

నాకూ జింకలు తెలుసు.
పదేండ్లప్పుడు పెసరుచేను మంచె మీద
వడిసెల తిప్పుతూ తెల్లార్లు కూసున్న.
తగలాలని ఎన్నడూ విసరలే,
పోవాలని విసిరిన.

ఆ పొద్దు బోల్టు పోయింది.
గుల్ జమాన్ బండి కిందికి దూరి వెతికిండు,
నేను ఇసుకను జల్లెడ పట్టినట్టు వేళ్ళతోటి వెతికిన.
ఇసుక ఏం తీసుకున్నా రసీదియ్యదు.
అప్పుడే కనబడ్డది, ఒంటరి మగది,
గాలికి ఎదురు నిలబడి,
తెల్లటి పొట్ట, కొమ్ములు రెండు ప్రశ్నల్లాగ.
రీమ్, అన్నడు ముసలాయన గుసగుసగ.
ఆయన మనవరాలి పేరు కూడా అదే.

"లింబాద్రీ, కూసో."
కూసున్న, మోకాళ్ళు నేలకు ఆన్చి.
నా కుడి భుజం మీద తుపాకి గొట్టం పెట్టిండు.
చల్లటి ఇనుము, చొక్కా దాటి ఎముక దాక.
"సాన్స్ బంద్."
బంద్ చేసిన.

అప్పుడు తెలిసింది నాకు.
ఇనుము వణుకుతున్నది.
చలికి కాదు, సన్నగ, ఆగకుండ,
డబ్బాల చిక్కిన తుమ్మెద లెక్క.
మూడు నెల్ల సంది ఈ వణుకంతా
నా కట్టెలు మోసినయి,
ఒక్కనాడు నాకు చెప్పలే.
కట్టె మోగదని గొప్పగ చెప్పింది నేనే కద.

ఊపిరి అయిపోయింది.
నేను విడిచింది ముందో
ఆయన వేలు నొక్కింది ముందో
ఇప్పటికీ చెప్పలేను.
చెవుల పిడుగు. అవతల ఇసుక లేచింది,
జింక లేని చోట.
తర్వాత జింకే లేదు, దాని ఉరుకు మాత్రం
కాసేపు కంట్ల మిగిలింది.

"కదిలినవ్."
"కదిలిన సాబ్."
గుల్ జమాన్ నా దిక్కు చూసిండు,
ఏదో అనబోయి టైరును తన్నిండు.
వాపసు వచ్చేదారిల ఎవ్వరం మాట్లాడలే,
మాట్లాడినా నాకు వినబడకపోవును,
రెండు రోజులు చెవిల జోరీగ.

బోల్టు దొరికింది, కోటు అస్తరుల.
జేబుకు ఎప్పుడు చిల్లు పడ్డదో.
బిగించి తెచ్చి ముందర నిలబెట్టిన.
ముసలాయన చాలాసేపు చూసిండు,
కర్రలను కాదు, తన చేతులను.
"కాళ్ళు పొట్టిగ చెయ్యి,
ఇగ కూసునే కొడత."

రంపం పట్టిన. ఒక్కో కాలికి జానెడు.
కోసిన మూడు ముక్కలు
షెడ్డు గడప పక్కన పడి ఉన్నయి.
ఆ రాత్రి మంచి చలి.
గుల్ జమాన్ వాటి మీదనే చాయ్ కాచిండు,
మూడు రాళ్ళ నడుమ.