రెండు గీతల అభిప్రాయం

రైలుపేట మున్సిపల్ హైస్కూలు, పై అంతస్తు.
టీ చల్లారేలోగా చెప్పేశారు:
ఇక ఇంగ్లిష్ పరీక్ష కాగితం మీదే కాదు,
ఎనభైకి రాత, ఇరవైకి మాట.
స్పీకర్లో వచ్చింది విని రాయాలి,
బొమ్మ చూపిస్తే మూడు నిమిషాలు మాట్లాడాలి.
ఇంకా ప్రతిపాదనే, కంగారు పడొద్దన్నారు.
తలా ఒక ఫారం ఇచ్చారు.
స్కూలు కోడ్‌కి పదకొండు గళ్ళు,
అభిప్రాయానికి రెండు గీతలు.

సుభానీ మాస్టారు వేళ్ళమీదే లెక్క కట్టాడు.
"అరవైనాలుగు మంది. తలకి మూడు చొప్పున
నూట తొంభై రెండు నిమిషాలు.
ఒకడు లోపలుంటే అరవైముగ్గురు వరండాలో.
వాళ్ళనెవరు పట్టుకుంటారు, గోడలా?"

ఫిలోమినా టీచరు వచ్చే మార్చికి రిటైరు.
కళ్ళజోడు తుడుచుకుంటూ మెల్లగా అంది:
"ముప్పై ఒక్క ఏళ్ళు చెప్పాను.
ఇంగ్లిషులో ఒక్కరితోనూ పోట్లాడి ఎరగను.
ముందు నన్ను కూర్చోబెడతారేమో పరీక్షకి."
ఎవరూ నవ్వలేదు.
నవ్వితే ఆ మాట మనమీదకే వస్తుంది.

యూనియన్ ఆయన డీఏ బకాయిలన్నాడు,
తర్వాత ఇంకో సమోసా అన్నాడు.

నాకు మాత్రం, నిజం చెప్పొద్దూ,
లోపలెక్కడో చిన్న సంతోషం.
స్పాట్ వాల్యుయేషన్లో ఎన్ని ఎండాకాలాలు దిద్దాను
ఆ సెలవుచీటీని!
యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్.
జిల్లా జిల్లాకంతా ఒకే జ్వరం,
అవే మూడు రోజులు, అదే కైండ్లీ గ్రాంట్ మీ.
పుట్టి బుద్ధెరిగి జలుబైనా చేయనివాడు
ఐదుకి ఐదు మార్కుల జ్వరం తెచ్చుకునేవాడు.
నేను ఎర్రసిరాతో ఆ నుదురు తడిమి
టిక్కు పెట్టి పంపేదాన్ని.

ట్రయల్ మా బడిలోనే, శనివారం.
స్పీకర్లో ఎవరో దొరసాని గొంతు,
నోట్లో ఐసుముక్క పెట్టుకుని మాట్లాడినట్టు.
వచ్చే రైలు ఏ ప్లాట్‌ఫారమ్ మీదకని ఆవిడ అడిగేసరికి
గోడ వెనక రేపల్లె పాసింజరు కూతేసింది.
నలభై మంది రాశారు: ఒకటి.
కీలో జవాబు ఐదు.
పిల్లలు సరిగ్గానే విన్నారు,
విన్న రైలు వేరు, అంతే.

తర్వాత మాట.
గోవాడ రూతమ్మ, పదో తరగతి బి.
సెలవుచీటీ చుక్కలతో సహా అప్పజెబుతుంది.
కార్డు మీద సముద్రం, ఎర్ర గొడుగు,
దానికింద టోపీ పెట్టుకున్న కుటుంబం.
మాట్లాడమ్మా అన్నాను.
ఒక నిమిషం ఫ్యాను మాట్లాడింది.
ఇంకో అర నిమిషం ఆమె చెప్పు నేలమీద గీసింది.
వాళ్ళమ్మ మిర్చియార్డులో తొడాలు తీస్తుంది.
పిల్ల యూనిఫాం విదిలిస్తే బెంచీ బెంచీ తుమ్ముతుంది.
ఆ ఎర్ర గొడుగు వైపే చూస్తూ ఉన్నట్టుండి
"మై మదర్ హ్యాండ్ ఫైర్, టీచర్" అంది.
"నైట్ నో స్లీప్. వాటర్ పుట్, పుట్, పుట్.
మార్నింగ్ ఎగైన్ గో."

నా చేతిలో మార్కుల పట్టీ.
ఉచ్చారణ, వ్యాకరణం, ధారాళత, బొమ్మకి సంబంధం.
ఏ గడిలో వేయను?
బజరు మోగింది.
ఆమె ఆపలేదు. నేనూ ఆపమనలేదు.
వరండాలో అరవైముగ్గురు గోల చేస్తున్నారు,
సుభానీ మాస్టారు చెప్పినట్టే.

ఫారం ఇంకా నా బ్యాగులోనే ఉంది,
టిఫిన్ డబ్బా పక్కన, ఓ మూల నూనె అంటి.
ఒక గీతమీద "మంచిదే" అని రాశాను.
రెండో గీతమీద "కానీ" అని రాసి
అక్కడ పెన్ను ఆగిపోయింది.
ఆ "కానీ" తర్వాత రాయాలంటే
పదకొండు గళ్ళూ తెచ్చి కలుపుకోవాలి.

సోమవారం ప్రేయర్ అయ్యాక
రూతమ్మ బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.
"టీచర్, చేతుల మంటని ఫైర్ అనరంట గదా.
క్లాసులో నవ్వారు. మరేమంటారు?"
బర్నింగ్ అన్నాను.
ఇంకోసారి చెప్పమంది, చెప్పాను.
స్పెల్లింగ్ అడిగి,
బాల్‌పెన్ను మూత పంటితో లాగి
అరచేతిలో రాసుకుంది.