కొత్త టిక్కీలో పాత కాయ

పొద్దున మా కొట్టుకి మూడొందల టిక్కీలు దిగాయి.
గోనె కోసి చెయ్యి పెడితే చాలు, చెప్పేస్తాను
ఇది ఈ యేటి కాయా,
ఏసీలో ఏడాది పడుకుని లేచిన కాయా అని.
పాతదానికి కాస్త నూనె రాస్తారు,
ఎరుపు తిరిగొస్తుంది.
ఘాటు రాదని కాదు, వస్తుంది.
ముక్కు దాకా వచ్చి ఆగిపోతుంది.

సాయంత్రం ఇంటికెళ్తే సోహైల్:
"అత్తా, మూడు వేల ఐదొందలు కావాలి.
పిడుగుపోటు రెండో భాగం వచ్చింది."
వెనకే ఏలీషా, చెప్పులు విప్పకుండా గుమ్మంలో నిలబడి:
"రెండో భాగమా అది?
పాతదే కొత్త మిషనుకి ఎక్కించారు,
బొమ్మలకి మెరుగు పెట్టి
నలుగురు కొత్త ఫైటర్లని కలిపారు.
ఒకటిన్నరకి రెండు డబ్బులెందుకియ్యాలి?"
"బాగున్నదాన్ని ఎందుకురా పడగొట్టడం?"
"శంకర్ విలాస్ బ్రిడ్జి చూడు,
రంగేసి ఊరుకున్నారా? పడగొట్టారు."
"అందుకేగా రోజూ ఊరంతా తిరిగి
కాలేజీకి పోతున్నాం!"

వాళ్ళకి తెలీదు
ఆ మొదటి భాగాన్ని నేనెరుగుదునని.
అరండల్‌పేటలో మీరావలన్న షాపు.
నాలుగు మిషన్లు, ఒక్క ఫ్యాను,
అదీ మిషన్ల వైపే తిరిగేది.
గల్లాపెట్టె దగ్గర నేను, రూపాయికి ఒక బిళ్ళ.
ఫైటర్ల పేర్లు జపాను అక్షరాల్లో ఉండేవి,
ఎవరికి అర్థమవుతాయి, మేమే పెట్టుకున్నాం:
కర్రల తాత, బావురుకప్ప,
తెల్ల బనీను, జడల పిల్ల.
ఆడపిల్లలెవరూ ఆడేవాళ్ళు కాదు.
రెండింటికి అన్న అన్నానికి వెళ్ళగానే
షట్టరు సగం దించి
నేను జడల పిల్లనయ్యేదాన్ని.

ఒక కిటుకుంది.
ఎడమ మూలకి తోసి, కూర్చుని,
తన్ను, తన్ను, ఒక్క ఊపిరి ఆగి, గుద్దు.
ఎదుటివాడు గోడలో ఇరుక్కుపోతాడు
వెల్లకిలా పడ్డ బొద్దింకలా కాళ్ళాడిస్తూ.
ఆ ఆట చేసినవాళ్ళకే తెలీని తప్పు అది.
నాకు తెలుసు.
"చెల్లెమ్మతో పందెమేంట్రా" అని నవ్విన
ఇంటర్ కుర్రాడి పేరు మర్చిపోయాను,
వాడు ఇరుక్కున్నప్పటి చప్పుడు మర్చిపోలేదు.

డబ్బులిచ్చాను.
రాత్రి తొమ్మిదింటికి, వేళాకోళంగా,
"నువ్వూ ఆడత్తా" అని చేతిలో పెట్టారు.
జడల పిల్ల వచ్చింది.
వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టొచ్చు ఇప్పుడు,
దానికి చెమట కూడా పడుతోంది.
నాకంటే చిన్నదిగానే ఉంది, పాపిష్టిది.
ఎడమ మూల. కూర్చో. తన్ను, తన్ను,

ఊపిరి,

గుద్దు.

తెల్ల బనీను గోడకి తగిలి
భుజాలు దులుపుకుని లేచి
నన్ను పడగొట్టాడు.

సోహైల్ నవ్వుతున్నాడు.
ఏలీషా నవ్వలేదు. నా చేతి వైపు చూసి
మెల్లగా అన్నాడు:
"ఆ బగ్గు సరిచేశారత్తా.
అందరికీ సమానంగా ఉండాలని."

సమానం. మంచిదే.
గల్లాపెట్టె దగ్గర ఆ మాట ఎవరూ అనలేదు గాని.

"పోనీ నువ్వు చెప్పు, పాతదా కొత్తదా?"
యార్డులో అయితే చెప్పేదాన్ని:
పాత కాయని పాత కాయనే చెప్పి అమ్మండి,
రేటు తగ్గినా కొనేవాడుంటాడు.
ఇక్కడ నోరు రాలేదు.
కర్రల తాత దగ్గుతో సహా అన్నీ తెచ్చారు,
నా తప్పొక్కటే తేలేదు.

పదకొండింటికి చిలకలూరిపేట ఫోన్ చేశాను.
"అన్నా, ఆ నాలుగో మిషను ఉందా, అమ్మేశావా?"
"గోడౌన్లో ఉంది, ఖాళీ గోనెల కింద.
ఇంత రాత్రప్పుడు దానితో ఏం పనే?"

"ఏం లేదు," అన్నాను.
"రేటు కనుక్కుందామని."