ఎనిమిదిన్నరకి ఏడుగురు

బడి మూసేశారు గాని నన్ను మూయలేదు.
నర్సుల పిల్లలు, మాంసం ఫ్యాక్టరీ వాళ్ళ పిల్లలు వస్తారు,
వాళ్ళయినా రోడ్డు దాటాలి కదా అన్నారు కౌన్సిల్ వాళ్ళు.
వెరిబీలో ఆగస్టు. నోటి ఆవిరి బయటికి దారిలేక
మాస్కు అంచులోంచి కళ్ళద్దాల మీదికి ఎక్కుతుంది.
తెల్లకోటు వేసుకుని, ఆగమనే గుండ్రటి పలక పట్టుకుని,
అటూ ఇటూ ఎర్రజెండాలు పాతి నిలబడితే
నాలుగువందల మందికి ఏడుగురు.
వాళ్ళలో లాక్లన్ మంగళవారాలు రాడు.

ఈల ఊదొద్దన్నారు.
మెడలో ఊరికే వేలాడేది, కూయడం మానేసిన కోడిలా.
మొదటిరోజు ఏం చెయ్యాలో తోచక
చెయ్యూపి "రండి" అన్నాను.
తెలుగే ఎందుకొచ్చిందో. ఖాళీ రోడ్డు, ఎవరు వింటారని కాబోలు.
అచోల్ నడిమధ్యలో ఆగి, అంటే ఏమిటంది.
వాళ్ళమ్మ వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ దిగి
అక్కడే కార్లో, స్టీరింగు మీద తల వాల్చి ఉంది.
వచ్చేయమని, కానీ మర్యాదగా, అన్నాను.
ఒకళ్ళనే అయినా ఇద్దరున్నట్టు పిలుస్తాం మేము.
ఏడేళ్ళ పిల్ల వెనక్కి తిరిగి చూసుకుంది,
రెండోది ఎవరా అని.

తొమ్మిదికి ఇంటికి పరుగు.
తినే బల్ల వాళ్ళ నాన్న ఆఫీసైపోయింది కనక
నైమిష ఇస్త్రీబల్ల మీద బడి పెట్టుకుంది.
పైన యూనిఫాం, కింద రాత్రి పైజామా.
తెర మీద మిస్ పాపస్ ముఖం సగం నవ్వులో బిగుసుకుపోయి
మాట మాత్రం ఎక్కడో నడుస్తూ ఉంటుంది.
ఇరవైరెండు కిటికీలు. ఒకదాంట్లో పిల్లి తోక,
ఒకదాంట్లో ఎవరి తాతయ్యదో బట్టతల,
ఒకదాంట్లో అచోల్.
నేను దాటించిన అదే బడిలో కూర్చుని
అదీ ఇదే తెర చూస్తోంది, చెవులకి డిప్పలు పెట్టుకుని.

ఆవేళ లెక్క: ఇంట్లో సిలిండర్ ఆకారంలో ఉన్నవి పది.
సిలిండరంటే నాకు గ్యాసుబండే గుర్తు,
ఇక్కడ గ్యాసు గోడలోంచి వస్తుంది, చూపించడానికి లేదు.
అప్పడాల కర్ర, పప్పు డబ్బా, కుక్కరు వెయిట్,
అప్పట్లో బంగారమైన టాయిలెట్ పేపరు చుట్ట...
ఎలాగో తొమ్మిది. పదోది నా మెడలోంచి లాక్కుంది.
దీని పొట్ట చూడండి మిస్ అని తెరకి ఆనించి
ఊదింది.
మూడువారాల ఊపిరంతా ఒక్కసారే.
పిల్లి తోక మాయం. బట్టతల ఉలిక్కిపడింది.
బిగుసుకున్న మిస్ పాపస్ నవ్వు మిగతా సగం పూర్తయింది.

నవ్వులయ్యాక కెమెరా ఆపేసి
ఇస్త్రీబల్ల కింద దూరి పడుకుంది.
ఎంతకీ రాదు. వంగి చూస్తే గోడతో చెప్పినట్టు:
"నువ్వు వాళ్ళని రోజూ దాటిస్తావు."
నా దగ్గర జవాబు లేదు.
పొయ్యి మీద పాలు ఉన్నాయని లేచాను.
లేవు.

అక్టోబరులో గేట్లు తీశారు.
బూట్లు బిగుతైపోయిన నాలుగువందల మంది
రోడ్డంచున కాళ్ళు జోడించి ఆగారు,
ఏటి ఒడ్డున కొత్తవాళ్ళలా.
నేను పలక ఎత్తానో లేదో, గుంపులోంచి
"రండి!" అంది అచోల్.
నా కూతురి నాలుక ఇన్నేళ్ళూ మడవని ఆ 'డ'ని
ఒత్తి మరీ పలికింది.
అందరూ కదిలారు.
నైమిష కదల్లేదు.
అది మా అమ్మ మాట, అంది ఇంగ్లీషులో,
కళ్ళలో నీళ్ళతో, అచోల్ వీపు కేసి చూస్తూ.

పాలబండి ఆగి ఉంది. దాని వెనక ఆరు కార్లు.
పలక దించకుండా అలాగే నిలబడి
దాని ఒక్కదానికోసం మళ్ళీ పిలిచాను,
ఈసారి ఏకవచనంలో.