నీళ్ళ సప్పుడు

పుస్తకం ఇంగ్లీషుల ఉంటది.
ఓపీ ముందటి బెంచి మీద కూసున్నోళ్ళు
ఇంగ్లీషుల ఉండరు.
నడుమ నేను,
ఎమ్మే సైకాలజీ రెండో ఏడు,
నల్లగొండ పెద్దాసుపత్రిల
ఒక్కో ప్రశ్నను ఏంచిన చింతగింజ లెక్క బుగ్గన పెట్టుకొని
నానినంక అడుగుతుంట.

"ఎవ్వరు లేనప్పుడు మాటలు ఇనవడ్తయా అమ్మా?"
బుగ్గమ్మ, యాభై రెండేండ్లు, చందంపేట దిక్కు,
కొంగుతోటి మూతి తుడుసుకొని అన్నది:
"మాటలు కాదు బిడ్డా. నీళ్ళు."

రాసిన.
ఎప్పటి సంది?
"పదకొండో బోరు దుబ్బ కక్కిన రాత్రి సంది. మూడేండ్లాయె."
యాడికెల్లి?
"కాళ్ళ కిందికెల్లి. మంచమెక్కితే మంచం కోళ్ళ కిందికెల్లి."
ఎట్ల ఇనవడ్తది, హోరా, చినుకా?
ఇది ఫారంల లేదు. నేనే అడిగిన.
"బండ సందుల పాము మెసిలినట్టు."

వందలకెల్లి ఏడు తీసెయ్యమన్న,
మిగిలినదాంట్లకెల్లి మల్ల ఏడు.
తొంభై మూడు, ఎనభై ఆరు అనుకుంట దిగాలె.
ఆమె ఎక్కుడు మొదలువెట్టింది:
రెండొందల ఫీట్లు, మూడొందల యాభై,
కేసింగు పైపు, లారి కిరాయి,
మూడు రూపాల మిత్తి, మిత్తి మీద మిత్తి.
యాడ తప్పలే.
ఫారంల "చేసింది" అని ఒక గడి,
"చేయలేకపోయింది" అని ఒక గడి.
పెన్ను రెంటి నడుమ కాసేపు నిలవడ్డది.

నీకు జబ్బున్నదని అనుకుంటున్నవా అమ్మా?
లేదంటదనుకున్న. చానమంది లేదనే అంటరు.
"లేకుంటె పత్తేరుడు ఇడిసిపెట్టి ఎందుకొస్త?"

అన్ని అయిపోయినంక ఊకెనే అడిగిన,
బోరు పాయింట్లు ఎవరు పెట్టిండ్రని.
"మస్తుమంది. ఆఖరి రెండు మాత్రం
నాంపల్లి దిక్కెల్లి టీవీఎస్ బండి మీదొచ్చెటాయన.
అరచేతుల కొబ్బరికాయ పండవెడ్తడు,
నీళ్ళున్న కాడ లేసి నిలవడ్తది.
ఎడమ చెవు సగమే ఉంటది ఆయనకు."

ఆ సగం చెవు పట్టుకొనే
చిన్నప్పుడు నేను నిద్రపోయేది.

పాయింటుకు పదిహేనొందలు.
కాయ నిలవడ్డ రోజు
మా ఇంట్ల కూర మారేది, నా ఫీజు కట్టుడయ్యేది.
మా నాయిన గూడ అంటడు, కండ్లు మూసుకొని,
"ఇనవడ్తున్నది. ఈడనే. ఈడనే ఎయ్యుండ్రి."
ఆయన చేతుల నోట్లు పెట్టిండ్రు.
ఈమె గడిల నేను టిక్కు పెట్టిన.

రోగి ఇంటోళ్ళ గురించి ఫారంల అర పేజీ జాగ.
అడిగేటోళ్ళ ఇంటోళ్ళకు గీత గూడ లేదు.

వైవాల సారు అడిగిండు,
నమ్మకం యాడ అయిపోతది, భ్రాంతి యాడ మొదలైతది?
చదివింది చెప్పిన.
ఇరవైకి పదహారొచ్చినయి.
సగం చెవు సంగతి చెప్పలే.

నెలకు మల్లొచ్చింది బుగ్గమ్మ.
మొఖం జర తేటగైంది. నిద్ర పడ్తున్నదట.
"సప్పుడు బందైంది బిడ్డా. గోలీలు మంచియి."
సంబురపడ్డ. నిజంగనే సంబురపడ్డ.
చీటి కొంగుకు ముడేసుకొని
తలుపు దాక పోయి, ఎనకకొచ్చి,
ఎవ్వరన్న ఇంటరేమో అన్నట్టు వంగి అడిగింది:
"మరి ఇప్పుడు యాడ తవ్వాలె?"

ఆ ఆదివారం ఇంటికి పోయిన.
నాయిన గడప కాడ కూసొని
పిలక ఉంచి కొబ్బరికాయ పీచు తీస్తున్నడు,
తెల్లారి మర్రిగూడ దిక్కు బేరమున్నదట.
ఫారం లేకుంట, బుగ్గన నానవెట్టకుంట అడిగిన,
"నాయినా, నీకు నిజంగ ఇనవడ్తదా?"

పీచు తీసుడు ఆపలే.
నేను లోపటికి పోయి, నీళ్ళు తాగి,
మల్ల బయటికొచ్చినంక అన్నడు,
నా దిక్కు సూడకుంటనే:

"ఏడేండ్లాయె, ఇనవడక."