కాటా పలికేదాకా

కాశీబుగ్గలో కరెంటు
చెప్పి పోదు, చెప్పి రాదు.
జీడిపిక్కల బాయిలర్ పక్క గదిలో
మూత లేని పాత పెట్టె ఒకటి,
లోపల లినక్సు.
కరెంటు రాగానే దానంతటదే లేస్తుంది.
లేచి ఊరికే కూచుంటుంది,
నల్ల తెర మీద తెల్ల గీత ఆరుతూ వెలుగుతూ.
పనేమిటో నేనొచ్చి చెప్పాలి.

నేను రావడమంటే హరిపురం నుంచి తొలి ఆటో.
అప్పటికే గేటు దగ్గర నలభై మంది,
రాత్రి ఇళ్ల దగ్గర ఒలిచిన పప్పు గంపల్లో.
కిలోకింత కూలి.
తూకం ఎక్కితేనే ఎక్కినట్టు.

"ఏటి బాబూ, నువ్వొస్తేగాని పని సెయ్యదా అది?"
తవిటమ్మ అడిగింది ఒకరోజు.
"నన్నెవులు లేపుతన్నారేటి మూడింటికి?"

ఆ రాత్రే రాశాను, ఏడు వరసలు.
ఎవరు చదవాలో మొదటి వరసలోనే పేరు పెట్టి,
ఎక్కడికి పోవాలో పూర్తి దారి చెప్పి.
నిద్రలేచిన కొత్తలో దానికి
ఇల్లూ వాకిలీ గుర్తుండవు,
వేరు దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.
నడిచే హక్కు ఇవ్వడం మరిచి
అరగంట దాన్నే తిట్టాను.
ఇచ్చాక, బూటయ్యే వేళ చదివే జాబితాలో చేర్చి
హాయిగా పడుకున్నాను.

తెల్లారి అందరికీ సున్నా.
గవరమ్మకి సున్నా, దిల్లెమ్మకి సున్నా,
నాలుగు కిలోలు తెచ్చిన తవిటమ్మకి సున్నా.
స్క్రిప్టు లేవడం లేచింది, పరిగెత్తింది.
కాటా ఇంకా కళ్లు తెరవకముందే అడిగింది.
జవాబు రాలేదు.
రాకపోవడాన్నే బరువనుకుంది,
ఆ తర్వాత ఎవరి గంప పెట్టినా అదే మాట.

మేస్త్రి ఆ సున్నాలనే పుస్తకంలోకి ఎక్కించబోయాడు.
తవిటమ్మ కాటా మీంచి గంప దించలేదు.
"అది పలక్కపోతే నా పప్పు లేనట్టేటి?"
జీడి సొన తిన్న బొటనవేలు
తెర మీద పెట్టింది, సరిగ్గా సున్నా మీద.
ఆ నల్ల మరక ఇప్పటికీ ఉంది,
కిరసనాయిలుతో తుడిచినా.

ఎనిమిదో వరస రాశాను:
కాటా పలికేదాకా ఆగు.
రెండు సెకన్లు ఆగి మళ్లీ అడుగు.
ఇరవైసార్లకీ పలక్కపోతే
సున్నా రాయకు,
గంట కొట్టు.

మొన్న గాలివానకి రాత్రంతా చీకటి.
మూడు నలభైకి వచ్చిందట, నాకు తెలీదు.
పొద్దున్న వెళ్లి లాగ్ తెరిచాను:
ఆగాను
ఆగాను
ఆగాను
కాటా పలికింది.
దాని కింద, అయిదూ పదికి,
కొర్ల తవిటమ్మ, నాలుగు కిలోల రెండొందల గ్రాములు.

ఆ వేళకి నేనింకా హరిపురంలో
గోడవైపు తిరిగి పడుకునున్నాను.