లేని పన్ను

ఎడమవైపు, కింద, వెనక నుంచి రెండోది.
రూట్ కెనాల్ రెండుసార్లు, దాని మీద టోపీ,
చివరికి "పీకేద్దాం, పీడా పోతుంది" అన్నాడు పెరంబూరు డాక్టరు.
పీకాడు. స్టీలు గిన్నెలో టంగుమంది.
పీడ మాత్రం కుర్చీ దిగి నాతోనే ఇంటికొచ్చింది.

పద్నాలుగు నెలలు.
ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూపిస్తాడు:
"పల్లే ఇల్లైయేమ్మా!"
తమిళంలో పల్లు అంటే ఒక్కటే.
నాకు ఉన్నవన్నీ లేవన్నట్టు వినిపించి
చెయ్యి దవడ మీదికి పోయింది.

చిగురు నున్నగా మూసుకుంది.
నాలుక మాత్రం పాత గుమ్మం దగ్గరే
తచ్చాడుతూ ఉంటుంది.

ఒకటి నుంచి పదిలో ఎంతక్కా, అంటుంది నర్సు శెల్వి.
అంకెలతోనే నా ఉద్యోగం, అయినా చెప్పలేను.
పొద్దున అది తీపు.
మా అమ్మ మోకాళ్ళకి వాడే మాట.
తీపంటే తీపి కాదని ఇక్కడ ఎవరికి చెప్పను?
మధ్యాహ్నానికి సలుపు.
రాత్రి రాయపురం గాలికి నోరు తెరిస్తే
పాడైన ట్యూబులైటు,
టిక్కు టిక్కు,
వెలగదు, ఆరదు.

మా ఆయన మొదట్లో లవంగ నూనె తెచ్చేవాడు.
ఇప్పుడు టీవీ సౌండు తగ్గిస్తాడు, అంతే.
అదీ తక్కువేం కాదు.

తండయార్‌పేట ఆఫీసు, ఇంటి పన్ను, మూడో కౌంటరు.
నిన్న కోదండపాణి అని ఒక పెద్దాయన
మెట్రోకి పోయిన ఇంటికి నోటీసు పట్టుకొచ్చాడు.
"ఇల్లు లేదమ్మా. ఉన్నచోట కింద రైలు పోతోంది."
ఇరవై రెండేళ్ళుగా ఇలాంటివాళ్ళకి నేను చెప్పే మాట ఒకటే:
రికార్డులో ఉంది కదండీ.
నోటిదాకా వచ్చింది.
సరిగ్గా అక్కడే పోటు పొడిచింది.

"కూర్చోండి" అన్నాను.
కూర్చోలేదు. సంచీలోంచి ఇంకో కాగితం తీశాడు,
కరెంటు బిల్లు, అదే డోరు నంబరు,
నూట పద్దెనిమిది యూనిట్లు.
"పన్నంటే సరే, పాత లెక్క అనుకుందాం.
ఇదెవరు వాడుతున్నారమ్మా?"

ఆయన నవ్వాడు. నేను ఎడమవైపు నవ్వలేను.
బిల్లు అటూ ఇటూ తిప్పి చూశాను.
గోడ లేనిచోట, మీటరు లేనిచోట
ఎవరో వచ్చి, కాసేపు నిలబడి,
రాసుకుని పోతున్నారు,
ఒక్క విడత కూడా తప్పకుండా.